అంచు చూశావా?

(మాస్టారి స్మారకోపన్యాస పాఠం)



మాస్టారి మీద మాట్లాడమని అడిగితే ఒప్పుకునేవాణ్ణి కాదు. తన గురించి ఎవరైనా నాలుగు మంచి మాటలు మొదలుపెడితే ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయేవారు. చేతిలో ఒక కాసు పెడితే మాత్రం పొద్దు గూకేదాకా అరుగు మీదినుంచి కదిలేవారు కాదు. అందుకే ఈ రోజు ఆయనకు నచ్చే పనే చేద్దామని వచ్చాను. దొంగ నాణేన్ని ఎలా పట్టుకోవాలో, ఆయన దగ్గర నేర్చుకున్నంత మేరకు చెబుతాను. నాతో ఒక వెండి రూపాయి తెచ్చాను. బల్ల మీద పెట్టాను. దాని సంగతి తర్వాత.

ఆయన లెక్కల మాస్టారని మీ అందరికీ తెలుసు. ఎవరు ఏ నాణెం తెచ్చినా ఇది ఏ రాజుది, ఎంత పెట్టి కొన్నావు అని అడిగేవారు కాదు. "అంచు చూశావా?" అనేవారు. ఆ ఒక్క ప్రశ్నతోనే మాలో సగం మందికి ముచ్చెమటలు పట్టేవి. బొమ్మ చూసి ఉంటాం, బొరుసు చూసి ఉంటాం. అంచు ఎవరు చూస్తారు? "నువ్వు చూడవని దొంగ నాణెం చేసేవాడికీ తెలుసు. నువ్వు చూసేచోటే వాడు కష్టపడతాడు" అనేవారు మాస్టారు.

మన భాషలో నాణెం అంటే డబ్బు మాత్రమే కాదు. నాణెమైన బియ్యం, నాణెమైన పని అంటాం. నాణ్యం అన్న మాట అదే కుదురుది. కాసుకూ నికార్సుకూ ఒకే మాట పెట్టుకున్నారు మనవాళ్ళు. షరాబు రూపాయిని రాతి మీద మోగించి, ఆ ఖంగుమనే మోత విని తీసుకునే రోజుల్లో అలా మాట పుట్టడం సహజం. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఈ పనికి ఒక ఉద్యోగే ఉన్నాడు, రూపదర్శకుడని. ఖజానాకు వచ్చే సొమ్మును అతను చూసి సరే అంటేనే లోపలికి తీసుకోవాలి. కల్తీదని తేలితే నరికేయాలి. పక్కన పెట్టమనలేదు, తెచ్చినవాడికి తిరిగి ఇమ్మనలేదు. ఈ నరకడం గురించి మాస్టారు చాలాసార్లు చెప్పేవారు. ఎందుకో నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఇక నా రూపాయి.

ఆరో జార్జి బొమ్మతో 1939లో వచ్చిన వెండి రూపాయి సేకర్తలందరికీ తెలిసిందే. నూటికి 91.7 పాళ్ళు వెండి, 11.66 గ్రాముల బరువు. మన లెక్కలో తులం. ఆ మరుసటి ఏడాది, యుద్ధం నడుస్తుండగా, రూపాయిలో వెండిని సగానికి దించేశారు. మిగతా సగంలో 40 పాళ్ళు రాగి, 5 నికెలు, 5 జింకు. తర్వాత పాత మంచి వెండి రూపాయలను ప్రభుత్వం చెలామణీలోంచి వెనక్కి లాగి కరిగించింది. 1939 నాటివి బయట తిరిగిందే తక్కువ. అందులోనూ చాలావరకు కొలిమి పాలయ్యాయి. అందుకే 1938 రూపాయి అందరికీ అందే ధరలో దొరుకుతుంది, 1939 రూపాయికి దానికి ఎన్నో రెట్లు పెట్టాలి. రెంటికీ మధ్య తేడా ఒక్క అంకె. దొంగకు ఇంతకంటే ఏం కావాలి?

ఇరవై ఏళ్ళ పైమాటే. ఒక నగరంలో నాణేల ప్రదర్శన. అమ్మిన మనిషి పేరు చెప్పను. మర్యాదస్తుడిలా ఉన్నాడు, తొందర పెట్టలేదు. తొందర పెట్టకపోవడమే నన్ను పడేసిందని ఇప్పుడనిపిస్తుంది. మూడు నెలల జీతం పెట్టి 1939 రూపాయి కొన్నాను. రాత్రి బస్సులో నిద్ర పట్టలేదు. చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఆదివారం పొద్దున్నే మాస్టారి అరుగు మీద ఉన్నాను.

ఆయన ముందు అంచు చూశారు. 1940 తర్వాతి సగం వెండి రూపాయలకు అంచు వేరు. నిలువు గీతల నడుమ చుట్టూ ఒక గాడి పారుతుంది. దొంగ రూపాయలను అరికట్టడానికే అలాంటి అంచు పెట్టారు. సగం వెండి రూపాయికి పాత ఏడాది వేసి అమ్మేవాడు అక్కడే దొరికిపోతాడు. నాదానికి గాడి లేదు, నిలువు గీతలు వరసగా, శుభ్రంగా ఉన్నాయి. పోత పోసిన నాణేనికైతే అంచు మీద ఎక్కడో ఒకచోట అతుకు గీత ఉంటుంది, లేదా ఆ అతుకును ఆకురాయితో రాసిన జాడ ఉంటుంది. అదీ లేదు.

తర్వాత బరువు. పక్క వీధి కంసాలి కొట్టు నుంచి ఎలక్ట్రానిక్ కాటా తెప్పించారు. 11.6 దగ్గర ఆగింది. అరిగిన నాణెం కాస్త తగ్గడం న్యాయమే. ఉండాల్సినదానికంటే బరువున్న నాణేన్ని చూస్తేనే ఆయన కళ్ళు చిన్నవయ్యేవి.

తర్వాత నీళ్ళు. ఇది మీరు ఇంట్లో చేసుకోవచ్చు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కాటా మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి అంకెను సున్నాకు తెచ్చుకోండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, గ్లాసు అడుగుకూ గోడకూ తగలకుండా నీళ్ళలో పూర్తిగా ముంచి పట్టుకోండి. కాటా ఇప్పుడు చూపేది నాణెం పక్కకు తోసిన నీటి బరువు. నాణెం బరువును దాంతో భాగిస్తే లోహం సాంద్రత తేలిపోతుంది. మంచి వెండి రూపాయి అయితే 1.13 గ్రాముల దగ్గర ఆగాలి. సగం వెండిదైతే 1.22 దాకా పోతుంది. వెండి పూత పూసిన రాగి ఇంచుమించు 1.3 చూపిస్తుంది. కంటికి చిక్కని తేడా నీళ్ళకు చిక్కుతుంది. దారానికి గాలి బుడగలు అంటకుండా చూసుకోవాలి, అంతే. నా రూపాయి 1.12 చూపింది. బరువును దాంతో భాగిస్తే 10.3కు కాస్త ఎక్కువ. నేను లేచి నిలబడ్డాను, ఆనందం పట్టలేక.

మాస్టారు కూర్చోమన్నారు. వంటింట్లోంచి కాఫీ వచ్చింది, తాగాం. గ్లాసు పక్కన పెట్టి భూతద్దం తీశారు. ఎండ ఏటవాలుగా పడేట్టు రూపాయిని తిప్పి, బొరుసు వైపు ఏడాది దగ్గర ఆపారు. "ఈ కాసు మీద తొమ్మిదులు రెండున్నాయి. రెండూ అన్నదమ్ములేనా, చూడు" అన్నారు.

చూశాను. మొదటి 9 తోక సన్నగా మొదలై నిండుగా తిరిగింది. రెండో 9 కింది వంపు లావుగా, బండగా ఉంది. దాని ఎడమ పక్కన నేల, అంటే నాణెం చదునుగా ఉండే భాగం, మిగతా చోట్లలా మెరవడం లేదు. గోటితో గీరినట్టు సన్నని గీతలు, వాటి మీద మెరుగు పెట్టిన జాడ. 8 కింది సున్నాలో ఎడమ వంపును చెక్కేస్తే 9 అవుతుంది. నా చేతిలో ఉన్నది 1938 రూపాయి. అది అసలైన రూపాయే. అసలైన వెండి, అసలైన బరువు, అసలైన అంచు, అసలైన మోత. అబద్ధమంతా ఒక అంకెలో సగం.

ఈ కథ చెప్పడానికి కారణం ఉంది. పరీక్షలు మనకు బోలెడు తెలుసు. అయస్కాంతం, కాటా, నీళ్ళు, మోత. ఒక్కో పరీక్ష ఒక్కో రకం దొంగనే పట్టుకుంటుంది. అవన్నీ దాటినంత మాత్రాన నాణెం నిజమైపోదు. దొంగతనాలన్నీ బట్టీపట్టి ప్రయోజనం లేదని, అవి రోజుకొకటి పుడుతుంటాయని మాస్టారు అనేవారు. నాణెం ఎలా పుట్టిందో తెలుసుకోమనేవారు. పుట్టుక తెలిస్తే ఆ పుట్టుకలో రావలసిన మచ్చలేవో, రాకూడని మచ్చలేవో తెలుస్తాయి.

అమరావతిలో దొరికిన విద్ధాంక నాణేల రాశి తీసుకోండి. ఏడున్నర వేలకు పైగా వెండి నాణేలు. పరమేశ్వరీ లాల్ గుప్తా వాటిని పరిశీలించి రాసిన పుస్తకాన్ని అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే 1963లో అచ్చువేసింది. వెండిని రేకుగా సాగగొట్టి, ముక్కలు కోసి, బరువు ఎక్కువైతే మూల కత్తిరించి, 32 గురిగింజల తూకానికి తెచ్చి, అప్పుడు ఒక్కో గుర్తును ఒక్కో ముద్రికతో కొట్టేవారు. సూర్యుడు, ఆరు చేతుల చక్రం, కొండ, ఏనుగు. ఇలా అయిదు గుర్తులు, అయిదు దెబ్బలు. చేతి దెబ్బ ఏ రెండుసార్లూ ఒకేలా పడదు. ఒకటి లోతుగా పడుతుంది, ఒకటి వాలుగా పడుతుంది, ఒకటి అంచు దాటి సగమే పడుతుంది, ఒకదాని మీద ఇంకొకటి ఎక్కుతుంది. కత్తిరించిన మూల కత్తిరించినట్టే ఉంటుంది, అంచున లోహం చీలిన జాడతో. అదే నాణేన్ని అచ్చు తీసి పోత పోస్తే అయిదు గుర్తులకూ ఒకే లోతు, ఒకే మెత్తదనం వస్తాయి. మూలలు వాడిన సబ్బుబిళ్ళలా గుండ్రబడతాయి. భూతద్దంలో చూస్తే సూదిమొన అంత గుంటలు కనిపిస్తాయి, కరిగిన లోహంలో చిక్కుకున్న గాలివి. పగుళ్ళు కూడా అంతే. సుత్తి దెబ్బకు అంచు దగ్గర విచ్చిన పగులు లోపలిదాకా పోతుంది. పోతలో ఆ పగులు పూడిపోయి గీతలా మిగులుతుంది.

పోత అనగానే దొంగదని కొట్టేయకండి. పూర్వం పోత పోసి తయారు చేసిన నాణేలూ ఉన్నాయి. సంగారెడ్డి దగ్గర కొండాపురంలో శాతవాహనుల కాలపు నాణేలతో పాటు మట్టి అచ్చులూ దొరికాయి. ఏ కాలానికి, ఏ లోహానికి ఏది పద్ధతో అదే చూడాలి.

అనుమానానికీ ఒక హద్దుండాలి. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 13 వేలకు పైగా నహపాణుడి వెండి నాణేలు దొరికాయి. అందులో మూడింట రెండు వంతుల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర కొట్టించాడు. ఓడిన రాజు ముఖం మీద గెలిచిన రాజు గుర్తు. కింద నహపాణుడి ముక్కు, పైన ఉజ్జయిని చిహ్నం, వేర్వేరు లిపుల అక్షరాలు ఒకదాంట్లో ఒకటి చొరబడి ఉంటాయి. చరిత్ర తెలియనివాడు దాన్ని చూస్తే, పనికిమాలిన నకిలీ అని పారేస్తాడు. మొదటిసారి బొమ్మలో చూసినప్పుడు నేనూ అలాగే అన్నాను. మాస్టారు ఆ రోజు నాతో సరిగా మాట్లాడలేదు. నిజమైనదాన్ని దొంగ అనడం ఆయనకు దొంగను నిజమనడం కంటే బాధగా ఉండేది.

యంత్రంతో కొట్టిన నాణేల దగ్గరికి వస్తే చరిత్ర ఇంకా బాగా పనికొస్తుంది. 1911 అయిదో జార్జి రూపాయి కథ మీలో చాలామందికి తెలుసు. రాజు అంగీ మీది హారంలో చిన్న ఏనుగు ఉంటుంది. దాని తొండం పొట్టిగా చెక్కడంతో జనానికది పందిలా కనిపించింది. గోల పుట్టి, రూపాయలను ఆపేశారు. కొట్టిన 94 లక్షల్లో బయటికొచ్చినవి ఏడు లక్షలే అంటారు. మిగతావి కరిగించి, 1912లో ఏనుగును సరిదిద్ది కొత్తగా కొట్టారు. కొన్నేళ్ళ క్రితం ఒక కుర్రాడు నా దగ్గరికి 1911 రూపాయి తెచ్చాడు. అంకె చాలా బాగా కుదిర్చారు, 2ను అరగదీసి 1 చేశారు. నేను అంకె వైపు చూడనే లేదు. రాజు భుజం మీద ఏనుగు నిండు తొండంతో నిలబడి ఉంది. ఏడాది మార్చినవాడికి ఏనుగు సంగతి గుర్తు రాలేదు.

నిజాం నాణేలకూ ఇలాంటి కాపలాదారు ఉన్నాడు. చార్మినార్ బొమ్మ ఉన్న నాణేల మీద ద్వారంలో ఒక అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్‌కు మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఐన్. పైగా కాలలెక్కలు రెండుంటాయి, హిజ్రీ ఏడాది ఒకటి, పాలనా సంవత్సరం ఇంకొకటి. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది హిజ్రీ 1329లో. కాబట్టి 1337 అని ఉన్న నాణెం మీద పాలనా సంవత్సరం 8 కానీ 9 కానీ ఉండాలి. ఉర్దూ అంకెలు పది నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. హైదరాబాద్ సేకర్తల్లో కూడా అంత మాత్రం ఓపిక చేయనివారిని చూశాను. బంగారు అష్రఫీ కొనేముందైనా ఆ సాయంత్రం ఖర్చు పెట్టండి.

బంగారం దగ్గర మనవాళ్ళు ఒక తప్పు చేస్తారు. కంసాలికి చూపించి, గీటురాయి మీద గీయించి, మేలిమి అని తేలగానే వరహా నిజమైనదని తృప్తి పడతారు. గీటురాయి బంగారాన్ని చెబుతుంది కానీ వయసు చెప్పదు. శ్రీకృష్ణదేవరాయల వరహా తూకం మూడున్నర గ్రాములకు లోపే. అంత బంగారం ధర వేరు, ఆ వరహా ధర వేరు. మధ్యలో ఉన్న తేడాయే దొంగ లాభం. అతను మంచి బంగారమే వాడతాడు, వాడగలడు. అక్కడ చూడవలసింది పనితనం. ఒకవైపు కూర్చున్న బాలకృష్ణుడు, రెండోవైపు మూడు వరసల నాగరి అక్షరాల్లో శ్రీ ప్రతాప కృష్ణరాయ. ఆనాటి చెక్కుడుపనివాడికి ఆ అక్షరాలు రోజూ చేసే పని, చేయి తడుముకోదు. నకలు చేసేవాడు అక్షరాన్ని రాయడు, బొమ్మ గీస్తాడు. అందుకే గీతలో బెరుకు ఉంటుంది. ఇది నేర్పగలిగింది కాదు. నిజమైనవి కొన్ని వందలు చూడాలి. మ్యూజియం అద్దాల ముందు నిలబడి చూడండి, డబ్బు ఖర్చు లేదు.

ఇప్పుడు నాకు కోపం తెప్పించే విషయం. రైస్ పుల్లింగ్. ఈ గదిలో ఉన్నవారెవరూ దాన్ని నమ్మరు, నాకు తెలుసు. అయినా మీ బంధువుల్లో ఒకరు ఏదో రోజు మీకు ఫోన్ చేస్తారు. ఈస్టిండియా కంపెనీ రాగి నాణెం, 1818 సంవత్సరం, ఒకవైపు హనుమంతుడు, బియ్యాన్ని లాగుతుంది, కోట్లు పలుకుతుంది అని. అలాంటి నాణేన్ని కంపెనీ ఎన్నడూ కొట్టలేదు. హనుమంతుడు, రామపట్టాభిషేకం, ఓంకారం ఉన్న ఆ కంపెనీ అణాలన్నీ తర్వాత ఎవరో పుట్టించిన బిళ్ళలే. కొన్నింటి మీద 1616 అని, 1717 అని కూడా ఉంటుంది. బియ్యం కదలడమంటారా, గింజల్లో ఇనుప పొడి, నాణెం వెనక అయస్కాంతం. పొలాలు అమ్ముకుని అడ్వాన్సులు కట్టినవాళ్ళున్నారు మన రెండు రాష్ట్రాల్లోనూ.

దాన్ని నమ్మేవారికి సమాధానం చెప్పేటప్పుడు మనమూ తొందరపడకూడదు. కంపెనీవాళ్ళు దేవుడి బొమ్మ వేయరు అనేస్తాం. వేశారు. మద్రాసులో వాళ్ళు కొట్టించిన బంగారు వరహాల మీద వేంకటేశ్వరుడు ఇద్దరు దేవేరులతో ఉన్నాడు. ఇక్కడి జనం ఆ నాణేన్నే నమ్ముతారు కాబట్టి వ్యాపారులు దాన్నే కొట్టించారు. అర్ధసత్యంతో అబద్ధాన్ని ఓడించబోతే అవతలివాడు ఆ వరహా చూపించి మన నోరు మూయిస్తాడు. పాత నాణేలు కొంటాం, కమిషన్ పంపండి అని రిజర్వ్ బ్యాంకు పేరుతో వచ్చే ప్రకటనలూ ఈ కోవవే. అలాంటి వ్యవహారాలతో తమకు ఏ సంబంధమూ లేదని ఆ బ్యాంకు 2021లో బహిరంగంగా ప్రకటించింది. ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పండి.

పునాదులు తవ్వుతుంటే దొరికిందండీ అని అమ్మేవాడు చెప్పే కథ మీ అందరికీ తెలుసు. లంకెబిందెల కథ. 1878 నాటి చట్టం ప్రకారం నేలలో దొరికిన నిక్షేపం విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. మాస్టారి తర్కం ఇది: వాడు చెప్పేది నిజమైతే ఆ నాణెం నువ్వు కొనకూడనిది, అబద్ధమైతే కొనదగనిది. ఇంక బేరమెందుకు?

మరొకటి. ఒకే రకం నాణేలు రెండు ఒకేచోట చూస్తే పక్కపక్కన పెట్టండి. చెంప మీద ఒకే గాటు, అంచున ఒకేచోట నొక్కు కనిపిస్తే ఆ రెండూ ఒక అచ్చు బిడ్డలు. దెబ్బలు తినడంలో ఏ రెండు నాణేలకూ ఒకే రాత ఉండదు. అరుగుదలకూ న్యాయముంది. ముందు అరిగేది ఎత్తైన భాగం, అంటే రాజు చెంప, కిరీటం ముత్యాలు, చెవి పైన జుట్టు. లోతులో ఉన్న అక్షరాలు అరిగి చెంప నిగనిగలాడుతుంటే అది చేతులు మారి అరిగింది కాదు. జర్మనీలో రెండు వందల ఏళ్ళ క్రితం బెకర్ అనే దొంగ తను చేసిన పురాతన నాణేలను ఇనుప రజను ఉన్న పెట్టెలో పోసి, గుర్రపు బండికి కట్టి, రోడ్ల మీద తిప్పేవాడట, పాతబడాలని. ఇప్పుడు ఆ పని రసాయనాలు చేస్తున్నాయి. పచ్చటి చిలుము మీద అనుమానమొస్తే గోళ్ళరంగు తుడిచే ఎసిటోన్‌లో దూది ముంచి అద్దండి. శతాబ్దాల చిలుము కదలదు, పూసిన రంగైతే దూదికి అంటుతుంది. దయచేసి చింతపండు మాత్రం తేకండి. చింతపండుతో తోమిన నిజమైన నాణెం ఒళ్ళంతా గీరుకుపోయి దొంగదానిలా తయారవుతుంది. దాని సాక్ష్యాన్ని మనమే చెరిపేసినట్టు.

సరే, ఆ ఆదివారం సంగతి పూర్తి చేస్తాను.

రూపాయి చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అమ్మినవాడు తీసుకోడని తెలుసు, రసీదు లేదు. నా మనసులో అప్పుడు ఏముందో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. వచ్చే నెల ఇంకో ఊళ్ళో ప్రదర్శన ఉంది. అంకె నేను చూడలేదు, ఇంకొకరూ చూడరు. నా మూడు నెలల జీతం నాకు వచ్చేస్తుంది. మాస్టారు అది నా ముఖంలో చదివారని అనుకుంటాను. లోపలికి వెళ్ళి ఉలి, సుత్తి తెచ్చి అరుగు మీద పెట్టారు. ఏమీ అనలేదు. నా వైపు చూడను కూడా లేదు. మొక్కలకు నీళ్ళు పోయడానికి పెరట్లోకి వెళ్ళిపోయారు.

ఆయన తిరిగి వచ్చేసరికి నేను కొట్టేశాను. మొదటి దెబ్బ జారింది, రెండోది పడింది.

ఆ రూపాయే ఇక్కడ బల్ల మీద ఉంది. గాటు సరిగ్గా చివరి 9 మీదుగా పోయింది, లోపల వెండి ఇంకా తెల్లగానే ఉంది. పక్కన ఒక మంచి 1938 రూపాయి, భూతద్దం, ఏటవాలుగా వెలుగు పడే దీపం పెట్టించాను. సభ ముగిశాక ఒక్కొక్కరే వచ్చి చూడండి. పిల్లలను ముందు రానివ్వండి.